కుండీలో కాపురం

ఏప్రిల్ రెండో వారం. వరండాలో వేలాడుతున్న ఫెర్న్ కుండీకి నీళ్ళు పోద్దామని మగ్గు ఎత్తానో లేదో, ఆకుల మధ్య నుంచి నల్లగా ఏదో తుర్రుమని నా చెవి పక్కగా దూసుకుపోయింది. స్టూలు తెచ్చుకుని ఎక్కి చూశాను. ఫెర్న్ మొదట్లో దోసిట్లో ఇమిడేంత గిన్నె. ఎండు పుల్లలు, పీచు, మధ్య మధ్య సాలెగూటి దారం. లోపల రెండు గుడ్లు. లేత గులాబీ రంగు మీద ఎవరో కుంకుమ నీళ్ళు చిలకరించినట్టు చుక్కలు. లావుగా ఉన్న వైపు ఒత్తుగా, మొన వైపు పల్చగా.

ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని ఒక పిట్ట నన్ను తిడుతోంది. నల్లటి తల, నెత్తిన చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. పిగిలిపిట్ట.

పిట్ట అరుపులకి పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగి చూశారు. "గుడ్లు పెట్టిందా? ముట్టుకోలేదు కదా? మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇంక ఆ ఛాయలకి రాదు" అన్నారు. మా ఆవిడ కుండీని పెరట్లో జామచెట్టుకి మార్చేద్దామంది, వరండా అంతా రెట్టలవుతాయని. వేసవి సెలవులకొచ్చిన మనవడు దూదీ, చెప్పుల డబ్బా పట్టుకుని అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఒక్క నిమిషంలో మూడు సలహాలు. మూడూ ప్రేమతో ఇచ్చినవే, మూడూ తప్పే.

అసలు ఊళ్ళో ఇన్ని చెట్లుండగా ఆ పిట్ట మన వరండాకి ఎందుకొచ్చింది? చెట్టు మీద దాని గుడ్లకి ఉన్నంతమంది దొంగలు మరెక్కడా ఉండరు. కాకి, జెముడుకాకి, పిల్లి, ముంగిస, జెర్రిపోతు, చివరికి తొండ కూడా. గిన్నెలాంటి గూడు కట్టే చిన్న పిట్టల కాపురాల్లో చాలా భాగం పిల్లలకి రెక్కలు రాకముందే ఈ దొంగల పాలవుతాయి. మనుషులు మసలే చోటికి ఈ జంతువులు రావడానికి కాస్త జంకుతాయి. అందుకని పిగిలిపిట్ట లెక్క వేసుకుంది. చెప్పుల స్టాండు పక్కన, రోజుకి నలభై సార్లు తలుపు చప్పుడయ్యే చోట, తనని పట్టించుకోని పెద్ద జంతువు ఒకటి తిరుగుతూ ఉంటే అదే కావలి. ఇక్కడ 'పట్టించుకోని' అన్న మాటే ముఖ్యం.

నాకు ఇది ఒక ఏడాది ముందే తెలిసింది, మంచి పద్ధతిలో కాదు. గోరింటాకు కంచెలో ఇలాంటి గూడే ఉంటే రోజుకి మూడుసార్లు కొమ్మలు పక్కకి తప్పించి ఫోన్‌తో ఫొటోలు తీసేవాణ్ణి. ఎదురింటి డిష్ యాంటెనా మీద ఒక కాకి కూర్చునేది. అది నన్నే చూస్తోందని నాకు తట్టలేదు. మనిషి పదేపదే ఒకే పొదలో తల పెడుతున్నాడంటే అందులో ఏదో ఉందని కాకికి ఇంకొకరు చెప్పాలా? నాలుగో రోజు పొద్దున గూడు తిరగబడి ఉంది. కింద మట్టిలో ఒక పెంకు ముక్క. ఫోన్‌లో మాత్రం ఇరవై ఏడు ఫొటోలు మిగిలాయి.

ఈసారి వంటింటి కిటికీకి కొట్టిన దోమల వల వెనక నుంచి చూశాను. లోపల చీకటి, బయట వెలుతురు, పిట్టకి నేను కనబడను. ఫ్లాష్ లేదు, స్టూలు లేదు. రోజుకొకసారి, అదీ పిట్ట మేతకి వెళ్ళినప్పుడు, దాటిపోతూ ఒక చూపు. కాకి కనబడితే అది కూడా లేదు.

మర్నాడు తెల్లారేసరికి గూట్లో మూడో గుడ్డు ఉంది. చాలామంది ఇక్కడే కంగారుపడతారు. మొదటి గుడ్డు పెట్టాక పిట్ట రోజంతా కనబడదు, తల్లి వదిలేసిందనుకుని గుడ్లని ఇంట్లోకి తెచ్చేస్తారు. వదిలెయ్యలేదు. చిన్న పిట్టలు రోజుకొకటి చొప్పున, ఎక్కువగా పొద్దున్నే, గుడ్లు పెడతాయి. అన్నీ, లేదా దాదాపు అన్నీ పూర్తయ్యాకగానీ కుదురుగా కూర్చోవు. అలా అయితేనే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి, పెద్దది చిన్నదాని నోటి దగ్గర తిండి లాక్కోదు. గుడ్డులోని జీవం ఆ రెండు మూడు రోజులూ నిద్రలో ఉన్నట్టు ఆగి ఉంటుంది. సుమారు పాతిక, ఇరవై ఆరు డిగ్రీల వేడి దాటితే మెల్లిగా కదలడం మొదలుపెడుతుంది. బాగా ఎదగడానికి 36 నుంచి 38 డిగ్రీలు కావాలి. 41 దాటితే ఆ వేడికి చచ్చిపోతుంది.

ఈ అంకెల్ని మా గుంటూరు ఎండలో పెట్టి చూడండి. పొదగడమంటే వెచ్చగా ఉంచడం అని మనం బళ్ళో చదువుకున్నాం. చలిదేశాల పుస్తకాల మాట అది. మా వరండాలో మధ్యాహ్నం రెండింటికి పిగిలిపిట్ట చేసే పని గుడ్లకి వేడి ఇవ్వడం కాదు, గొడుగు పట్టడం. గుడ్ల మీద కూర్చోకుండా లేచి నిలబడి, రెక్కలు కాస్త దూరం చేసి, నోరు తెరిచి వగర్చేది. తెల్లవారుజామున మాత్రం కడుపు కిందికి గుడ్లని సర్దుకుని అంటిపెట్టుకుని ఉండేది. పొదిగే రోజుల్లో పొట్ట మీద కొంత మేర ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, రక్తనాళాలు ఉబ్బి అది వేడి కాపడంలా పనిచేస్తుంది.

అందుకే కుండీని జామచెట్టుకి మార్చనివ్వలేదు. అక్కడ పదకొండు గంటలకే నీడ పోతుంది. దానికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. పిట్ట గుర్తుంచుకునేది గూడుని కాదు, గూడున్న చోటుని. కుండీ నాలుగు మీటర్లు పక్కకి జరిగితే తల్లి పాత చోటికే వచ్చి, ఖాళీ గాలిలో రెక్కలు కొట్టుకుని, వెతికి వెతికి వెళ్ళిపోతుంది. పక్కన కుండీలో గుడ్లు కళ్ళెదుటే ఉన్నా సరే. రెట్టల సంగతికి కింద పాత పేపరు పరిచాం, రోజూ తీసి కొత్తది వేశాం. ఆ సమస్య పిల్లలు పుట్టాక కొన్నాళ్ళు ఇంకా తగ్గింది. పసిపిల్లల రెట్ట తెల్లటి పొట్లంలా పల్చటి పొరలో చుట్టి వస్తుంది. తల్లో తండ్రో దాన్ని ముక్కున కరిచి దూరంగా పారేసి వస్తారు, మొదటి రోజుల్లో మింగేస్తారు కూడా.

ఫెర్న్‌కి నీళ్ళు పోయడం మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆకులు ఎండుతాయి, ఆకులే ఆ గూటి కప్పు. మగ్గుతో పోస్తే గూడు తడుస్తుంది. చివరికి మూతకి సూదితో బెజ్జం పెట్టిన సీసాని కిటికీ ఊచకి తలకిందులుగా కట్టి, చుక్క చుక్కగా కుండీ అంచుకి పడేలా చేశాం. చూసినవాళ్ళు మొక్కకి సెలైను ఎక్కిస్తున్నారా అని అడిగారు.

పిన్నిగారి సలహాకి వస్తే, మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది తెలుగునాటే కాదు, చాలా దేశాల్లో ఉన్న నమ్మకమే. వాసన చూసి పిల్లని కాదనే అలవాటు పిట్టలకి లేదు. పదే పదే బెదరగొడితే, ముఖ్యంగా గుడ్లు పెట్టే తొలి రోజుల్లో, వదిలేసి పోవచ్చు. పిల్లలు పుట్టాక వదలడం అరుదు, అప్పటికే పెట్టిన శ్రమ అంతా ఇంతా కాదు. ఈ తేడా తెలియక ఎన్నో పిల్లలు చనిపోతాయి. గూట్లోంచి పడిపోయిన పిల్లని ముట్టుకుంటే పాపమని నేల మీదే వదిలేస్తారు. ఒళ్ళంతా ఎర్రగా, ఈకలు లేకుండా, కళ్ళు మూసుకుని ఉన్న పిల్ల అయితే జాగ్రత్తగా తీసి గూట్లో పెట్టెయ్యడమే సరైన పని. గూడే ఊడిపడితే చిన్న వెదురుబుట్టలో ఆ గూడు పెట్టి, అదే కొమ్మకి, లేదా దానికి ఆనుకున్న కొమ్మకి, నీడలో కట్టండి. పిల్లల ఏడుపే తల్లిని తీసుకొస్తుంది. గంటా రెండు గంటలు దూరం నుంచి చూడండి.

ఈకలొచ్చి, పొట్టి తోకతో, నేల మీద గెంతుతున్న పిల్ల కథ వేరు. అది పడిపోలేదు, దిగింది. పిగిలిపిట్ట పిల్లలు సరిగ్గా ఎగరడం రాకముందే, పన్నెండు రోజుల వయసుకే గూడు విడిచిపెడతాయి. దొంగలకి తెలిసిపోయిన గూట్లో ఉండటం కన్నా పొదల్లో చెల్లాచెదురుగా దాక్కోవడమే క్షేమం. అమ్మానాన్నలు ఎక్కడున్నా వచ్చి తినిపిస్తూనే ఉంటారు. అలాంటి పిల్లని 'కాపాడి' ఇంటికి తెచ్చేవాళ్ళు, నిజానికి, ఎత్తుకొచ్చినట్టే. పిల్లి తిరుగుతుంటే పిల్లిని కట్టడి చెయ్యండి, లేదా పిట్టపిల్లని పక్కనున్న గుబురు కొమ్మ మీద కూర్చోబెట్టండి. అంతే.

మనవడి దూది, డబ్బా సంగతి కొంచెం కఠినంగా చెప్పక తప్పదు. పాలు పట్టడం, నోట్లో నీళ్ళ చుక్కలు వెయ్యడం, మెత్తగా పిసికిన అన్నం కుక్కడం దయ అనుకుంటాం. పిట్టలకి పాలు అరగవు. వాటి గాలిగొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, మనం వేసిన చుక్క సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీటి అవసరం చాలావరకు పురుగుల్లోంచే తీరిపోతుంది. పిగిలిపిట్టలు రెండూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పచ్చపురుగులు, మిడతలు, తర్వాత్తర్వాత మెత్తటి పళ్ళు మోసుకొచ్చేవి. ఒక ఆదివారం కిటికీ వెనక లెక్క పెట్టాను. గంటలో పదకొండు సార్లు వచ్చాయి. ఏ తాతయ్యా ఏ మనవడూ ఆ పని చెయ్యలేరు. గాయపడిన పిల్ల అయితే మాత్రం చీకటిగా, గాలాడే అట్టపెట్టెలో ఉంచి పశువైద్యుడి దగ్గరికో, అటవీశాఖవాళ్ళకో చేర్చడం మేలు.

పిల్లలు పుట్టిన వారంలో కొత్త గొడవ మొదలైంది. మగపిట్ట నా స్కూటర్ అద్దాన్ని పొడవడం మొదలుపెట్టింది. అద్దంలో కనబడేది తన పొలిమేర దాటి వచ్చిన మరో మగపిట్ట అనుకుంటుంది. ఎంత పొడిచినా వాడు పోడు, పైగా తిరిగి పొడుస్తాడు. రోజంతా ఆ యుద్ధమే చేస్తే పిల్లల తిండి సంగతేం కావాలి? రెండు అద్దాలకీ పాత సాక్సులు తొడిగాను. అరగంటలో శాంతి. మన వీధుల్లో గుడ్డలు కట్టుకున్న కారు అద్దాలు కనబడితే దగ్గర్లో పిగిలిపిట్టో తేనెపిట్టో కాపురం పెట్టిందని అనుకోవచ్చు.

తేనెపిట్ట అనగానే బూజుకర్ర గుర్తొస్తుంది నాకు. దాని గూడు ఆరేసిన బట్టల తీగకో, కాలింగ్ బెల్లు వైరుకో వేలాడే సంచి. ఆడపిట్ట ఒక్కతే కడుతుంది. సాలెగూటి దారంతో అల్లి, పైన ఎండు బెరడు ముక్కలు, గొంగళిపురుగుల పెంటికలు అతికించి, చూసేవాడికి గాలికి చేరిన చెత్తలా ఉండేట్టు చేస్తుంది. పక్కన చిన్న గుమ్మం, దానిపైన చూరులాంటి కప్పు. వేషం ఎంత బాగా కుదురుతుందంటే పండగ ముందు బూజులు దులిపేవాళ్ళు దాన్నీ కలిపి దులిపేస్తారు. దక్షిణాదిన ఇవి ఏడాదిలో ఎప్పుడైనా గూడు కట్టొచ్చు కాబట్టి ఏ పండగకైనా ఆ ప్రమాదమే. వేలాడే చెత్తకి గుమ్మం ఉందేమో కర్ర ఎత్తేముందు చూసుకోవాలి.

పావురాల విషయంలో నాకు అంత మెతకతనం లేదు. నీలి పావురం కొండచరియల పక్షి. మన అపార్ట్‌మెంట్ గోడ దానికి కొండే, ఏసీ డబ్బా వెనక సందు గుహ. రెండు గుడ్లు, పద్దెనిమిది రోజుల పొదుగు, ఆపైన నెల రోజులు పిల్లల పెంపకం, అది అవుతుండగానే మళ్ళీ గుడ్లు. రెట్టల ధూళి, ఈకల పొడి ఏళ్ళ తరబడి పీల్చితే కొందరికి ఊపిరితిత్తుల్లో అలర్జీ వాపు వచ్చి, ముదిరితే అవి మచ్చకట్టి గట్టిపడిపోతాయి. కాబట్టి బాల్కనీకి వల కట్టించుకోవడం తప్పేం కాదు. కట్టే సమయంలోనే ఉన్నాయి తప్పొప్పులు. లోపల పిల్లలుండగా వల బిగిస్తే తల్లి బయట, పిల్లలు లోపల. వారం తిరక్కుండా వాసన మొదలవుతుంది. పుల్లలు తెస్తున్న తొలి రెండు రోజుల్లోనే తీసేసి సందు మూసెయ్యాలి, లేదంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఓపిక పట్టాలి. ఎండిన రెట్టని పొడి చీపురుతో ఊడ్చొద్దు. నీళ్ళు చల్లి, ముక్కుకి మాస్కు కట్టుకుని తడిగా గీకెయ్యండి.

గూళ్ళ జోలికి పోవడాన్ని చట్టం కూడా పట్టించుకుంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పే 'వేట'లో తుపాకి పేల్చడం ఒక్కటే లేదు, రక్షణ ఉన్న పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గూళ్ళని చెదరగొట్టడం కూడా ఉన్నాయి. కాకి మాత్రం చాలా ఏళ్ళు ఎలుకలతో కలిసి ఐదో షెడ్యూల్లో, అంటే ఎవరైనా చంపొచ్చన్న జాబితాలో ఉండేది. 2022 సవరణతో ఆ షెడ్యూలే లేకుండా పోయింది.

కాకి గూడు ఇంటి దగ్గరుంటే తల మీద తన్నులు తప్పవు. కాకి తన్నితే కీడని తలస్నానాలూ శాంతులూ చేయించుకుంటాం. అది శకునం కాదు, హెచ్చరిక. పిల్లలు గూడు దిగే రోజులొచ్చేసరికి ఆ కోపం పతాకస్థాయికి చేరుతుంది. కొద్ది వారాలు గొడుగేసుకుని తిరిగితే సరిపోతుంది. కర్రతో గూడు లాగితే మాత్రం మీ మొహం దానికి గుర్తుండిపోతుంది. అమెరికాలోని సియాటిల్‌లో 2006లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక ముసుగు తగిలించుకుని కాకుల్ని పట్టి వదిలింది. ఆ ముసుగు కనబడితే చాలు, ఏళ్ళ తర్వాత కూడా అక్కడి కాకులు గోల పెట్టాయి. పైగా మీరు పీకేసిన ఆ గూట్లో ఉన్నది కాకిపిల్లలే అని ఏముంది? కాకి గూట్లో కోకిల పెట్టే గుడ్డు కాకి గుడ్డు కన్నా రెండు మూడు రోజులు ముందే పగులుతుంది.

అన్నిటికన్నా అన్యాయం జరిగేది గూబకి. అటక మీద గూబ చేరితే ఇల్లు పాడుపెట్టి నెలల తరబడి వేరే చోట ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. తెల్లటి హృదయాకారపు మొహం ఉన్న ఆ గూబ గుడ్లు రెండు మూడు రోజుల ఎడంతో పెడుతుంది, మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. అందుకని పిల్లలు మెట్లలా, ఒకదాని కన్నా ఒకటి చిన్నవిగా ఉంటాయి. ఎలుకలు బాగా దొరికిన ఏడు అన్నీ బతుకుతాయి, కరువొస్తే చిన్నవి పోతాయి. రాత్రిళ్ళు అటక మీద బుస్సుమంటూ వినబడేది పామూ దెయ్యమూ కాదు, ఆకలేసిన గూబపిల్లలు. వడ్లగాది పక్కన అంతకు మించిన ఎలుకల మందు లేదు. మూడు నెలలు ఆ అటక తలుపు తియ్యకుంటే చాలు.

ఊరు ఊరంతా గూళ్ళకి చోటిచ్చిన ఉదాహరణలు మనకున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానాకాలం వస్తే నత్తలు తినే కొంగలు ఇళ్ళ మధ్య చెట్ల మీద కాపురం పెడతాయి. అవి వస్తే వానలొస్తాయని ఊరివాళ్ళ నమ్మకం, ఎవర్నీ వాటి జోలికి పోనివ్వరు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద మరో రకం కొంగలు. మా గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ కొంగలూ. వీటి గురించి రాసేటప్పుడల్లా 'సైబీరియా నుంచి వచ్చిన అతిథులు' అంటుంటారు. కాదు. సైబీరియా పక్షులు ఇక్కడికి చలికాలం గడపడానికి వస్తాయి, గూడు మాత్రం తమ ఊళ్ళోనే కట్టుకుంటాయి. ఈ కొంగలు మన ఉపఖండంవే. పుట్టింటికి వచ్చినవాళ్ళని విదేశీ అతిథులంటే ఎలా?

గూటికి చోటు దొరకడం ఎంత గొప్పో సాలిం అలీ చిన్నప్పుడే చూశాడు. నిజాం రాజ్యంలో 1931-32లో పక్షుల సర్వే చేసిన ఆయనే. 1906-07 నాటికి పదేళ్ళ పిల్లవాడు. బొంబాయిలో గుర్రపుసాల గోడ కన్నంలో ఒక పిచ్చుక గూడు. బయట మేకు మీద కాపలా కూర్చున్న మగపిచ్చుకని ఎయిర్‌గన్‌తో కొట్టాడు. కాసేపట్లో ఆడపిచ్చుక దగ్గరికి ఇంకో మగది వచ్చి అదే మేకు మీద కూర్చుంది. వారం రోజుల్లో అలా ఎనిమిదింటిని కొట్టాడు. ప్రతిసారీ మరొకటి సిద్ధం. ఈ రోజు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, కానీ ఆయన నోట్సు చెబుతున్న సంగతి చూడండి. అంత గిరాకీ ఆ కన్నానికి. మనం పెంకుటిళ్ళు తీసి స్లాబులు వేసుకున్నప్పుడు పోయినవి అలాంటి కన్నాలే. సంక్రాంతికి చూరుకి కట్టిన వరికంకుల కుచ్చులు ఇప్పుడు షోకేసు సరుకులయ్యాయి. పిచ్చుకకి ఇప్పుడు కావలసింది గింజల కన్నా గోడలో కన్నం. 32 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చెక్కపెట్టె, పడమటెండ తగలని గోడకి, మనిషికి అందని ఎత్తులో. పిల్లలకి పురుగులు దొరికేలా మందు కొట్టని నాలుగు మొక్కలు. గదిలోనే గూడు కడితే ఆ మూడు నాలుగు వారాలూ పంకా వెయ్యకుండా ఉండాలి, ఇది నిజంగా కష్టం, నేనూ చెయ్యలేకపోయాను.

మా కుండీలో మూడు గుడ్లలో ఒకటి మురిగిపోయింది. మిగతా రెండూ మే మొదటి వారంలో ఒక పొద్దున, ఒకటి కుండీ అంచు నుంచి స్కూటర్ సీటు మీదికీ, రెండోది నేరుగా చెప్పుల స్టాండు మీదికీ దూకాయి. ఆ రోజు చెప్పుల్లేకుండా, స్కూటర్ లేకుండా ఆటోలో బజారుకెళ్ళొచ్చాను. సాయంత్రానికి రెండూ మందారం పొదలోకి చేరాయి.

జూన్‌లో ఖాళీ గూడు తీసి పేపరు మీద విప్పాం. వేపపుల్లలు, మా గుమ్మం ముందు పట్టా నుంచి లాగిన కొబ్బరిపీచు, మా ఆవిడ తలవెంట్రుకలు, బిస్కెట్ పాకెట్టు మీది ఎర్ర ప్లాస్టిక్ పీలిక, లోపలి వరసలో మెత్తగా చీల్చిన అరటినార. నార చూసి పిన్నిగారు గోడ మీదికి వంగారు.

"ఇది మా గుమ్మానికి కట్టిన దండ నార. ఉగాది దండ పూలు ఊరికే రాలిపోతున్నాయని ఆ పూలబ్బాయిని నెల రోజులు తిట్టాను గదయ్యా."